ఒక్క చెవికి మూడు బిల్లులు

తిరుపతి జనాభా ఉన్నట్టుండి పెరిగిపోయింది. జనగణన వాళ్ళకింకా కబురు అందినట్టు లేదు గానీ, గాంధీరోడ్డు చీరల కొట్లలో తిరుగుతున్న మూడు ఎఫ్ఎం స్టేషన్లలో యాడ్లు కలిపి అమ్మే 'కాంబో ప్యాక్' కాగితం చూస్తే తెలిసిపోతుంది. మొదటి స్టేషన్ శ్రోతలు, రెండో స్టేషన్ శ్రోతలు, మూడో స్టేషన్ శ్రోతలు. కింద గీత కొట్టి కూడేశారు. తీసివేతలు చెప్పిన రోజున బడికి డుమ్మా కొట్టినట్టున్నారు.

ఈ లెక్కకు మూలపురుషుడు ఆటో డ్రైవర్. ఆర్టీసీ బస్టాండులో ఒక స్టేషన్ పెట్టుకుని బయల్దేరతాడు. లీలామహల్ సర్కిల్ దగ్గర యాడ్లు మొదలవుతాయి. బొటనవేలు మీట నొక్కుతుంది, రెండో స్టేషన్. అక్కడా యాడే. కపిలతీర్థం రాకముందే మూడోది. వెనక సీట్లో గుండ్లు కొట్టించుకోబోయే కుటుంబం అయిదుగురు. "అన్నా, సౌండు రవ్వంత తగ్గించు" అని బతిమాలుతున్న పెద్దాయన కూడా శ్రోతే. ఆరుగురు, మూడు స్టేషన్లు, మొత్తం పద్దెనిమిది మంది. ట్రాఫిక్ పోలీసు కంట ఆ కాగితం పడకపోవడం డ్రైవర్ అదృష్టం. యాడ్ తప్పించుకోవడానికే స్టేషన్ మార్చినవాణ్ణి, యాడ్ విన్నవాడిగా మూడుసార్లు అమ్మేస్తున్నారు!

నూరుమందిలో 40 మంది మొదటిది, 30 మంది రెండోది వింటారనుకోండి. రెండూ వినేవాళ్ళు 20. అప్పుడు యాడ్ చేరేది 50 మందికి, 70 మందికి కాదు. రెండో స్టేషన్‌కు 30 మంది రేటు కడితే కొత్తగా దొరికేది పదిమందే. మూడు స్టేషన్లయితే, రెండేసి స్టేషన్లు వినేవాళ్ళ జతలు మూడూ తీసేశాక, మూడూ వినేవాళ్ళను మళ్ళీ కలపాలి. మరిచిపోతే మన ఆటో డ్రైవర్ సున్నా అయిపోతాడు. ఒకే చెవిన మూడుసార్లు పడటం పాపమేమీ కాదు, పండగ సేల్‌కు అదే కావాలి. అలాగని చెప్పి అమ్మండి మరి. పైగా ఒక స్టేషన్‌కు 'నిన్న విన్నారా', ఇంకోదానికి 'పోయిన వారం విన్నారా' అని అడిగి, రెండూ కలిపేస్తారు.

రేడియో శ్రోతలను లెక్కించడానికి 2007లో మొదలైన 'రామ్' సర్వే, ఏ స్టేషన్ విన్నారో శ్రోతల చేత డైరీలు రాయించింది ఢిల్లీ, ముంబై, బెంగళూరు, కోల్‌కతాల్లో. తిరుపతికి ఏ డైరీ తెచ్చారు సామీ?

ఇంకో ఘనకార్యం ఉంది. వీళ్ళ సర్వే కాగితంలో ఆకాశవాణి తిరుపతి కేంద్రానికి గడి ఉండదు. గడి లేకపోతే జత లేదు, జత లేకపోతే తీసివేత లేదు. 'మా శ్రోత మాకే సొంతం' అనే శాతం పాలపొంగులా పైకి లేస్తుంది. పొద్దున చేనిగట్టున ఆకాశవాణి, సాయంత్రం టౌన్లో ఎఫ్ఎం వినే చంద్రగిరి శెనక్కాయల రైతుకు ఒక చెవి కోసేశారు. ఇది లెక్క తప్పడం కాదు, దొంగతనం. తెలిసే చేస్తున్నారు. వడ్డీకి తెచ్చి పది సెకన్ల స్పాట్లు కొనే అప్పడాల ఆమె దగ్గరా ఇదే కాగితం పెడతారు, సిగ్గు లేకుండా!

కాగితం పట్టుకొచ్చిన కుర్రాణ్ణి ఒక్కటే అడగండి: "రెండూ వినేవాళ్ళు ఎంతమంది నాయనా?"

"మా మేనేజర్‌ను అడిగి చెప్తా సార్."

మేనేజర్ ఆటోలో ఉన్నాడు. యాడ్ వచ్చిందట, స్టేషన్ మారుస్తున్నాడు.