లిఫ్టు పక్కన చెట్టు: విచారణ నివేదిక

హన్మకొండలో మేముండే అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన ఎవరో ప్లాస్టిక్ క్రిస్మస్ చెట్టు పెట్టారు. ఇది మన సంస్కృతేనా అని వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు కొట్లాట. చివరికి విచారణ నా నెత్తిన పడింది. రిటైరైనవాడికి వేరే పనేముంటుందని కాబోలు.

ముందు శాంటా తాత. ఉత్తర ధ్రువం అన్నది తప్పుడు అడ్రసు. అసలు మనిషి నికోలస్, నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని మైరాకు బిషప్. 1087లో ఇటలీ నావికులు ఆయన ఎముకలను బారి పట్నానికి ఎత్తుకుపోయారు. పోయాక కూడా ట్రాన్స్‌ఫర్ తప్పలేదన్నమాట. ఇదంతా విని, ఎర్ర కోటు లోపల దిండు కట్టుకొని నిలబడ్డ మా వాచ్‌మన్ అడిగాడు: “సముద్రం ఒడ్డు ఊరాయనకు గీ ఉన్ని టోపీ ఎందుకు సార్?” నివేదికలో ఆ ప్రశ్న రాయలేదు.

ఎర్ర కోటు కూల్‌డ్రింక్ కంపెనీ కుట్టించిందని మూడో అంతస్తు నుంచి ఫార్వర్డ్ వచ్చింది. కోకా కోలాకు సండ్‌బ్లమ్ అనే చిత్రకారుడు తాత బొమ్మలేసింది 1931 నుంచి. తాత అంతకుముందే ఎర్ర కోటులో తిరిగాడు. ఫార్వర్డ్ కొట్టివేయడమైనది.

నిజంగా షాపులో పుట్టినవాడు తాత బండి లాగే ఎర్రముక్కు జింక రుడాల్ఫ్. షికాగోలో మాంట్‌గోమరీ వార్డ్ అనే పెద్ద దుకాణం ఏటా పిల్లలకు పంచే పుస్తకాలు బయట కొనేది. ఆ ఖర్చు మిగుల్చుకుందామని 1939లో తన ఉద్యోగి రాబర్ట్ మే చేతనే ఒకటి రాయించింది. ముక్కు ఎర్రగా ఉంటే తాగుబోతు అనుకుంటారని పైవాళ్లు జంకారట. ఆ ఏడే 24 లక్షల కాపీలు పంచారు. రాసినాయనకు అప్పటికి దక్కింది నెల జీతమే. ఇంకోటి: ఈ జాతిలో ఎదిగిన మగవాటికి చలికాలం మొదట్లోనే కొమ్ములు రాలిపోతాయి. డిసెంబరు ఆఖర్న కొమ్ములతో బండి లాగుతున్నాయంటే అవి ఆడవే అయ్యుండాలి. చాకిరీ వీళ్లది, పేరు వాళ్లది. ఈ ఒక్క అంశంలో మాత్రం అచ్చంగా మన సంస్కృతే అని రాశాను.

పిల్లలు పాడే జింగిల్ బెల్స్ 1857 నాటిది. అందులో క్రిస్మస్ మాటే లేదు. ఒకాయన అమ్మాయిని గుర్రబ్బండి ఎక్కించుకుపోయి మంచులో బోల్తా కొడతాడు, అంతే.

“చూశారా, అంతా వ్యాపారం!” అన్నారు మా ప్రెసిడెంట్ గారు. అక్షయ తృతీయ నాడు ఆయన బంగారం షాపు ముందు క్యూలో కనబడ్డ సంగతి ఈ విచారణ పరిధిలోకి రాదు. నిజానికి మా అపార్ట్‌మెంట్‌లో క్రిస్మస్ చేసుకునే కుటుంబం ఒకటే. వాళ్లు ఆ గొడవ పట్టించుకోకుండా రాత్రి ప్రార్థనకు కాజీపేట ఫాతిమా చర్చికి వెళ్లిపోయారు. వాళ్లను ఒక మాట అడుగుదామని మాకెవరికీ తట్టలేదు.

చెట్టు మీది మంచు మాత్రం మనదేనని తేల్చాను. వరంగల్‌లో మంచు పడేది ఎనుమాముల మార్కెట్లోనే కదా, పత్తి బస్తాలు విప్పినప్పుడు! స్థానికత కోటాలో చెట్టును ఉంచవచ్చని సిఫార్సు కూడా రాసేశాను. అంతలో, ఊళ్లో రెండెకరాల పత్తి వేసే మా వాచ్‌మన్ గడ్డం పక్కకు జరిపి, ఆ మంచు కాస్త గిల్లి వేళ్ల మధ్య నలిపాడు.

“ఇది పత్తి కాదు సార్. పింజే లేదు. ప్లాస్టిక్.”

ఒక్క క్షణం ఆగి, “తేమ మాత్రం అస్సలు లేదు. మార్కెట్ల దీనికే ఫుల్ రేటు కడ్తరు” అన్నాడు.