స్క్రీమో ఆల్బమ్ గారికి తిరుపతి నుంచి ఒక విన్నపం

మహారాజశ్రీ స్క్రీమో ఆల్బమ్ గారికి,

మీ తిరుపతి శ్రోత రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. పాడే బదులు గొంతు చించుకుని అరిచే పంక్ రాక్ సంగీతం మీది కాబట్టి, మీ గొంతు క్షేమమని తలుస్తాను.

అరుపులు మా ఊరికి కొత్త కాదండీ. బస్టాండులో తెల్లారకముందే మదనపల్లె, చిత్తూరు అంటూ గొంతులు లేస్తాయి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషం కట్టినవాళ్లు ఎదురుపడ్డవాళ్లను బండబూతులు తిడితే, జనం దణ్ణం పెట్టి మరీ తిట్టించుకుంటారు. ఎన్నికలొస్తే మైకుల సంగతి చెప్పక్కర్లేదు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ మోగకూడదని 2000 నుంచి నియమం ఉంది. ఆ నియమం మా వీధివాళ్లకు మిమ్మల్ని వింటేనే గుర్తొస్తుంది, అదీ మిట్టమధ్యాహ్నం! మీరు ఓటడగరు, సీటు నింపరు, పుణ్యం ఇవ్వరు. ఊరికే అరుస్తారు. అదీ మీ నేరం.

పోనీ, ఎంతసేపని? పంక్ బృందం మైనర్ థ్రెట్ వాళ్లు 1981లో ఎనిమిది పాటల్ని పది నిమిషాల్లోపే కానిచ్చేశారు. మీ స్క్రీమో బృందం ఆర్కిడ్ వాళ్ల 1999 ఆల్బమ్ 'కేయాస్ ఈజ్ మీ' ఇరవై నిమిషాలు దాటదు. మా చిత్తూరు పల్లెల్లో భారతం పద్దెనిమిది రోజులు ఆడతారు. దుర్యోధనుడు పడేదాకా ఎవరూ ఇంటికి పోరు. మీరేమో వేషం కట్టేలోపే యుద్ధం ముగిస్తారు.

మొన్న పేజ్‌నైన్టీనైన్ వాళ్ల 2001 నాటి రికార్డు పెట్టానో లేదో, ఓనరమ్మ తలుపు కొట్టింది. "ఏం నాయినా, ఎవురితోనో గలాటా పడతా ఉండావే?" పాటమ్మా అన్నాను. గదంతా తొంగిచూసి, ఎవరూ కనపడకపోయేసరికి ఇంకాస్త భయపడి దిగిపోయింది. ఆ బృందంలో ఎనిమిది మందని, అరవడానికే ఇద్దరున్నారని చెబితే అద్దె పెంచుతుంది. రికార్డు పేరు చెబుదామా అంటే 'డాక్యుమెంట్ నంబర్ 8'. స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకుంటున్నా అనుకుంటుంది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని చూశాను. పాట నాకొక్కడికే వినపడింది, నా అరుపు మాత్రం కింది వాటాకు వినపడిందట.

అన్నిటికన్నా మోసం టోక్యో బృందం ఎన్వీ వాళ్లది. 2003లో వచ్చిన 'ఎ డెడ్ సింకింగ్ స్టోరీ'లో గిటార్ ఒక్కో తీగే మీటుకుంటూ, నిద్రపుచ్చేలా మెల్లగా పోతుంది. వినపడట్లేదని వాల్యూమ్ పెంచుతాను. సరిగ్గా అప్పుడే డ్రమ్ములూ గొంతూ కలిసి మీద పడతాయి. నాకు జపనీస్ ఒక్క ముక్క రాదు. అయినా ఆ గొంతు జీరపోయి, ఊపిరందక తెగిపోయే చోట వెనక్కి తిప్పి మళ్లీ వింటాను. చదువుకున్న మనిషి చేసే పనేనా ఇది? ఇంగ్లీషు పాటలేమైనా నయమా! కవిత్వమంతా రికార్డుతో ఇచ్చే కాగితం మీద చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చేసి, ఒక్క మాటా తెలియకుండా అరిచేస్తారు.

చివరి విన్నపం. 1990లలో అమెరికాలోని శాన్ డియేగోలో పుట్టిందే అసలు స్క్రీమో, మిగతాదంతా కల్తీ అనే మీ భక్తుల్ని కాస్త అదుపులో పెట్టండి. నాకు తెలిసి ఈ ఊళ్లో మిమ్మల్ని వినేది ఇద్దరమే. ఆర్కిడ్ గొప్పా, ఇంకో బృందం సిటీ ఆఫ్ క్యాటర్‌పిల్లర్ గొప్పా అని తగువొచ్చి, ఇప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు.

ఇట్లు,
మీ తిరుపతి అభిమాన సంఘం (సగం)