ఓట్లు పడ్డాయి, మరి చందాలు?

బ్రిటన్ వ్యాపార సంస్థల సంఘమైన కాన్ఫెడరేషన్ ఆఫ్ బ్రిటిష్ ఇండస్ట్రీ ఆర్థికంగా చితికిపోవడానికి 2023 నాటి లైంగిక వేధింపుల ఆరోపణలే కారణమని ఓ వ్యాసంలో రాశారు. నిజమే, కానీ సగమే. ఆ ఆరోపణల తర్వాత అవీవా, జాన్ లూయిస్ లాంటి పెద్ద కంపెనీలు సభ్యత్వం నుంచి తప్పుకున్నాయి, వాటితోపాటే సంఘాన్ని నడిపే చందాలూ పోయాయి. ఆ ఏడాది జూన్ ఓటింగులో ఓటేసిన సభ్యుల్లో 93 శాతం సంఘంపై విశ్వాసం ప్రకటించారట. ఓట్లతో జీతాలివ్వలేరుగా! జీతాల ఖర్చులో మూడో వంతు కోత పెట్టారు. సెప్టెంబరులో వార్షిక సర్వసభ్య సమావేశమే వాయిదా పడింది.

నాకు చిరాకు తెప్పించేది ఆ సంఘం అప్పట్లో చెప్పుకున్న 1,90,000 సభ్యుల లెక్క. అందులో అత్యధికులు వేరే సంఘాల ద్వారా లెక్కలోకి వచ్చినవాళ్లే, అక్కడి రైతు సంఘం సభ్యులతో సహా. కష్టకాలంలో ఆ అంకె ఏం ఆదుకుంటుంది? ఈ విషయంలో మన సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) కాస్త నయం, నేరుగా ఉన్న సభ్యుల్నీ పరోక్ష సభ్యుల్నీ విడివిడిగానే చెబుతుంది.