బస్సు దిగాక వంద అడుగులు

సాయంత్రం ఏడు దాటాక అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో సిటీ బస్సు దిగే మనిషిని కాసేపు గమనించండి. బస్సు స్టాపులో ఆగదు. అక్కడ ఆటోలు బారులు తీరి ఉంటాయి కాబట్టి రెండో వరుసలో, దాదాపు నడిరోడ్డు మీద ఆగుతుంది. 'తొందరగా దిగండమ్మా' అని కండక్టర్ కేకేస్తుండగా ఒక ఇల్లాలు ఒక చేత కూరల సంచి, ఇంకో చేత పిల్లాడి రెక్క పట్టుకుని కింద కాలు పెడుతుంది. సరిగ్గా అప్పుడే బస్సుకూ ఆటోకూ మధ్య సందులోంచి ఒక బైకు హారన్ కొట్టుకుంటూ దూరుతుంది. ఆ గండం గడిచి ఫుట్‌పాత్ దాకా చేరితే అది మోకాలెత్తున ఉంటుంది. ఎక్కినా నాలుగడుగుల్లో ట్రాన్స్‌ఫార్మర్ అడ్డం. దాన్ని చుట్టి వస్తే సెల్లారు ర్యాంపు. అది దాటితే మూత విరిగిన మ్యాన్‌హోల్. అందుకే ఎక్కువమంది అసలు ఎక్కరు. రోడ్డు అంచు పట్టుకుని, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బండ్లను తప్పించుకుంటూ నడిచిపోతారు. ఇల్లు రోడ్డుకు అవతలి వైపు ఉంటే మళ్లీ ఇంకో గండం.

బస్సు దిగిన చోటు నుంచి ఈ వంద అడుగులకు మన నగరాల ప్రణాళికల్లో చోటు లేదు. ఫ్లైఓవర్‌కు మ్యాపు ఉంటుంది, శంకుస్థాపన ఉంటుంది, ప్రారంభోత్సవం రోజు డ్రోన్ వీడియో ఉంటుంది. రోడ్డు దాటే మనిషికి రెండు తెల్లగీతలు ఉంటాయి, అవీ మూడు నెలల్లో చెరిగిపోతాయి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. మరుసటి ఏడాది అది 1.72 లక్షలు దాటింది. 2022 మృతుల్లో 44.5 శాతం టూవీలర్ల మీద వెళ్తున్నవారు, 19.5 శాతం నడిచి వెళ్తున్నవారు. అంటే వందమందిలో 64 మందికి చుట్టూ ఇనుప రేకు లేదు, సీటు బెల్టు లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. 'రోడ్డు దాటుతుండగా గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి' అని పత్రికలన్నీ లోపలి పేజీలో నాలుగు లైన్లు వేసి ఊరుకుంటాయి. మేమూ అందుకు మినహాయింపు కాదు. వాహనం గుర్తు తెలియకపోవచ్చు. ఆ చోటు మాత్రం చుట్టుపక్కల అందరికీ గుర్తే. పాల బూతు అతన్ని అడిగినా చెప్తాడు, 'ఇక్కడ ఇది మొదటిది కాదు సార్' అని. ఆ మనిషి అక్కడే ఎందుకు దాటాల్సి వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఎఫ్‌ఐఆర్‌లో ఉండదు.

రోడ్ల భద్రత ఒక శాఖ పనీ, పొగ తగ్గించడం ఇంకో శాఖ పనీ అన్నట్టు మన ప్రభుత్వాలు నడుస్తున్నాయి. మా దృష్టిలో ఈ రెండూ ఒకే సమస్య. బస్సు కోసం అరగంట నిలబడి, కమ్మీ పట్టుకుని వేలాడి, దిగాక ప్రాణాలు అరచేత పట్టుకుని రోడ్డు దాటేవాడు ఏం చేస్తాడు? జీతం కాస్త పెరగ్గానే ఈఎంఐ మీద స్కూటీ కొంటాడు. బస్సులో ఒక ప్రయాణికుడు తగ్గాడు, రోడ్డు మీద ఒక బండి పెరిగింది. ఆ 44.5 శాతం పద్దులోకి ఇంకో పేరు చేరే అవకాశమూ పెరిగింది. బండ్లు పెరిగాయి కాబట్టి రోడ్డు వెడల్పు చేస్తారు, ఫుట్‌పాత్ కోస్తారు. దాంతో నడిచేవాడికి ఇంకాస్త కష్టం, ఇంకో స్కూటీ. ఈ గానుగెద్దు తిరుగుడు ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆపగలిగే చోటు ఆ వంద అడుగులే.

హైదరాబాద్‌లో ఇటీవలి ఏళ్లలో జరిగిన ఒక మార్పు గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ట్రాఫిక్ ఆగకూడదని చాలా జంక్షన్లు మూసేసి యూ-టర్న్‌లు పెట్టారు. కారులో వెళ్లేవారికి సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు కలిసొచ్చాయి, నిజమే. కానీ సిగ్నల్ అంటే కార్లను ఆపే దీపం మాత్రమే కాదు. ఎర్ర దీపం వెలిగిన ఆ కొద్ది సెకన్లే నడిచేవాడు అవతలికి చేరే సమయం. జంక్షన్ మూసేశాక బండ్ల వరద ఎక్కడా తెగదు. ముసలాయన డివైడర్ దాకా ఎలాగో వచ్చి, రెయిలింగ్ సందులో కాలు పెట్టి, అవతలి వైపు వచ్చే బండ్లకు చెయ్యి చూపిస్తూ ఐదు నిమిషాలు నిలబడాలి. పైగా యూ-టర్న్ అర కిలోమీటరు అవతల ఉంటే బైకువాడు అంత దూరం పోడు. పెట్రోల్ దండగ అనుకుని రాంగ్ రూట్‌లో వచ్చేస్తాడు. చలానా రాస్తే వాడి తప్పు. కానీ ఆ దారి పట్టేలా రోడ్డు వేసినవారికి చలానా రాసే పుస్తకం ఇంకా అచ్చు కాలేదు.

సిగ్నళ్లు మిగిలిన చోట ఫ్రీ లెఫ్ట్ ఉంది. ఎడమకు తిరిగే బండి ఎప్పుడూ ఆగనక్కర్లేదు. పాదచారికి పచ్చ దీపం వెలిగినా ఆ మలుపులో బండ్లు వస్తూనే ఉంటాయి. బటన్ నొక్కితే ట్రాఫిక్ ఆగే పెలికాన్ సిగ్నళ్లు కొన్నిచోట్ల పెట్టారు, మంచిదే. కానీ బటన్ నొక్కాక బండ్లు ఆగాలంటే పక్కన హోంగార్డు కూడా ఉండాల్సిన పరిస్థితి. ఆగని రోడ్డు మీద వేగం పెరుగుతుంది, అందులోనూ రాత్రి పదకొండు దాటాక. సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సిగ్నల్ ఫ్రీ అని మురిసిపోయేటప్పుడు ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి.

దీనికి అధికారుల దగ్గర రెడీగా ఉండే జవాబు ఫుట్ ఓవర్ బ్రిడ్జి. ఉప్పల్‌లో 2023లో 660 మీటర్ల స్కైవాక్ కట్టారు. పెద్ద కూడలిలో, మెట్రో స్టేషన్‌కు ఆనుకుని ఉంది కాబట్టి అక్కడ అది పనికొచ్చింది. ప్రతి చోటా అదే మందు అంటే ఒప్పుకోలేం. మోకాళ్ల నొప్పుల మనిషిని యాభై మెట్లు ఎక్కించి దించి, కారును మాత్రం బ్రేకు మీద కాలు పెట్టకుండా పంపడమే దాని అర్థం. లిఫ్ట్ ఉంది కదా అంటారు. పనిచేసే రోజుల్లో ఉంది.

బస్సుల సంగతికొద్దాం. 1932లో నిజాం సర్కారు 27 బస్సులతో మొదలుపెట్టిన సర్వీసు ఇది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాయి. మహిళలకు టికెట్ బాధ తప్పింది. ఇళ్లలో పనిచేసేవారు, బట్టల షాపుల్లో సేల్స్‌గర్ల్స్, కాలేజీ పిల్లలు నెలకు మిగిలిన డబ్బుతో ఏం చేసుకున్నారో వాళ్లనే అడగాలి. ఈ పథకాలను ఖజానాకు భారమని వెక్కిరించేవారితో మేము ఏకీభవించం. మా ఫిర్యాదు వేరు. టికెట్ ఉచితం చేశారు, బస్సులను ఆ మేరకు పెంచలేదు. బస్సు దిగి వీధిలైటు లేని సందులో నడిచే పది నిమిషాలను అసలు పట్టించుకోలేదు. రాత్రి తొమ్మిదికి ఆ సందు చూసి భయపడి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు పెట్టే అమ్మాయికి ఉచిత ప్రయాణం సగం దారి వరకే.

ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం పెట్టిన పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 ఎలక్ట్రిక్ బస్సులు కేటాయించారు. సంతోషం. కానీ ఎలక్ట్రిక్ బస్సు కూడా అదే ట్రాఫిక్‌లో, అదే ఆటోల వెనక నిలబడాలి. రెండు మూడు కార్ల చోటులో యాభై మందిని తీసుకెళ్లే బండి, ఒక్కడే కూర్చున్న కారు వెనక పాకుతుంటే దాన్ని ప్రజారవాణా అని ఎలా అంటాం? మనుషులను కదిలించాలి గానీ వాహనాలను కాదని 2006లోనే జాతీయ పట్టణ రవాణా విధానంలో రాసుకున్నాం. బస్సుకు ప్రత్యేక లేన్ అనగానే 'మన దగ్గర కుదరదు' అంటారు. విశాఖ, విజయవాడల అనుభవం చూపిస్తారు. అక్కడ బస్సులకు విడిగా దారి ఉండాల్సిన బీఆర్‌టీఎస్ రోడ్డు అన్న పేరు జనం నోట్లో నిలిచిపోయింది, బస్సుకు ప్రత్యేక దారి మాత్రం నిలవలేదు. లేన్ వేసి దానికి కాపలా పెట్టకపోవడం, మార్గమంతా కలపకుండా ముక్కలుగా వదిలేయడం వల్ల వచ్చిన వైఫల్యాన్ని బస్సు లేన్ మీదకు నెట్టడం న్యాయం కాదు.

ఎలక్ట్రిక్ కార్ల మీద ఇంతకంటే ఉత్సాహం కనిపిస్తోంది. తెలంగాణ 2024 నవంబర్‌లో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ చేసింది. ఆటోలకు, స్కూటర్లకు, బస్సులకు ఇది సరైన నిర్ణయమే. ఖరీదైన ఎలక్ట్రిక్ కారుకూ అదే మాఫీ ఎందుకో అర్థం కాదు. పొగ రాని కారు కూడా ఫుట్‌పాత్ మీదే పార్క్ అవుతుంది.

సైకిల్ విషయం మరీ విచిత్రం. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబర్‌లో సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభించారు. ఎండ తగలదు, పైన కరెంటు పుడుతుంది, ఫొటోల్లో ముచ్చటగా ఉంటుంది. అక్కడికి సైకిల్ మీద చేరుకోవడమే పెద్ద సాహసం, కాబట్టి కొందరు కారు వెనక సైకిల్ కట్టుకుని తొక్కడానికి వెళ్తారు. తెల్లవారుజామున నాలుగింటికి పేపర్ కట్టలు వేసుకుని తిరిగే కుర్రాడికీ, డ్యూటీ దిగి ఇంటికెళ్లే వాచ్‌మన్‌కూ నగరం లోపల ఆ ట్రాక్‌లో పదో వంతు కూడా లేదు. సైకిల్ వారికి ఆదివారం వ్యాయామం కాదు, బతుకుతెరువు.

చట్టం లేక ఇదంతా జరగడం లేదు. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ మీద నడవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 మే నెలలో స్పష్టంగా చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడిచే దారి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలనీ, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదనీ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. 150 మిల్లీమీటర్లంటే జానెడు కూడా లేదు. మన ఫుట్‌పాత్‌ను మోకాలెత్తు కట్టిన కాంట్రాక్టర్‌కు బిల్లు ఎవరు పాస్ చేశారు? 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 198ఏ అనే సెక్షన్ ఉంది. రోడ్డు డిజైన్‌లో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక ప్రాణం పోతే సంబంధిత అధికారికి, కాంట్రాక్టర్‌కు, కన్సల్టెంట్‌కు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. లక్ష చాలా తక్కువ, అది వేరే మాట. ముందు ఆ సెక్షన్‌ను దుమ్ము దులిపి వాడండి.

ఫుట్‌పాత్ అనగానే తోపుడు బండ్ల మీద విరుచుకుపడటం అధికారులకు సులువైన పని. మిర్చి బండి ఉన్నచోట నాలుగు దీపాలు వెలుగుతాయి, నలుగురు మనుషులుంటారు. రాత్రిపూట ఒంటరిగా నడిచే ఆడపిల్లకు ఆ బండే ధైర్యం. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వారికి చోటు చూపించాల్సింది నగరపాలక సంస్థలే. నిజంగా దారి మింగేస్తున్నవి షోరూముల మెట్లూ, ఆసుపత్రుల జనరేటర్లూ, ఎవరూ ముట్టుకోని కార్లూ.

రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం నడకకూ సైకిల్‌కూ కేటాయించాలని చెన్నై కార్పొరేషన్ 2014లోనే విధానం చేసుకుంది. అంతా అమలైందని కాదు, కానీ అక్కడి పాండీ బజార్‌లో ఇప్పుడు ముసలివాళ్లు బెంచీల మీద కూర్చుంటున్నారు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకిలో 2024 జులై నుంచి ఏడాది పాటు రోడ్డు ప్రమాదాల్లో ఒక్కరూ చనిపోలేదు. సగానికి పైగా వీధుల్లో వేగం గంటకు 30 కిలోమీటర్లకే పరిమితం చేశారు. మనకు అంత వద్దు, బడి ముందరా ఆసుపత్రి ముందరా ఆ వేగం అమలు చేస్తే మొదలుపెట్టినట్టే.

డబ్బు లేదనే మాట ఇక్కడ చెల్లదు. జంక్షన్లు మూసి యూ-టర్న్‌లు పెట్టినప్పుడు ఫ్లైఓవర్‌కు పట్టినన్ని కోట్లు పట్టలేదు, ఏళ్లూ పట్టలేదు. సిమెంటు దిమ్మెలు తెచ్చి వరుసగా పేర్చారు, రోజూ వెళ్లే దారి మారిపోయింది. కారు వేగం కోసం అంత చురుగ్గా కదిలినవారు అదే దిమ్మెలతో ఫ్రీ లెఫ్ట్ మలుపును ఇరుకు చేయొచ్చు. స్టాపు ముందు ఆటోలు చేరకుండా బస్సుకు చోటు కట్టొచ్చు. డివైడర్ దగ్గర దాటేవాళ్లు భయం లేకుండా నిలబడేందుకు తావు చేయొచ్చు. నగరమంతా ఒకేసారి చేయమని అడగడం లేదు. బల్దియా, ట్రాఫిక్ పోలీసులు, ఆర్టీసీ కలిసి ముందు ఒక్క రోడ్డు తీసుకుని, అందులో ప్రతి బస్ స్టాపుకు చుట్టూ వంద అడుగులు కొలిచి బాగుచేయాలి. ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా మొదలుపెట్టినా చాలు.