కౌంటర్లు మూసేస్తే ఎవరి పని ఆగుతుంది?

వారం రోజుల్లో ఈ మెసేజ్ నాకు ఐదుగురు పంపారు. నిన్న మా పెద్దమ్మ కొడుకు కూడా పంపాక ఇక ఊరుకోలేకపోయాను. అందులో ఉన్నది ఇదీ: 'ఈ-గవర్నమెంట్‌లో మనం ప్రపంచంలోనే టాప్. కూరగాయలమ్మే ఆమె కూడా ఫోన్‌పే తీసుకుంటోంది. ఎస్తోనియాలో అంతా ఆన్‌లైనే. ఇంకా మీసేవ కౌంటర్లు ఎందుకు? మూసేసి అన్నీ యాప్‌లో పెడితే లంచాలు పోతాయి. ఫోన్ రానివాళ్లకు పిల్లలు చేసిపెడతారు.'

టాప్ అన్నది శుద్ధ అబద్ధం. ఐక్యరాజ్యసమితి 2024 ఈ-గవర్నమెంట్ సర్వేలో 193 దేశాల్లో మనది 97వ స్థానం.

ఎస్తోనియా యూరప్‌లో చిన్న దేశం, జనాభా 14 లక్షలలోపే. అక్కడ 2005 నుంచి ఇంటర్నెట్‌లో ఓటు వేస్తున్నారు, నిజమే. అయినా పోలింగ్ కేంద్రాలు మూసేయలేదు. కాగితం మీద వేస్తానన్నవాళ్లు ఇప్పటికీ వెళ్లి వేస్తారు.

కూరగాయలమ్మే ఆమె సంగతి. మా వీధిలో బండి పెట్టే ఆమె ఫోన్ వైపు చూడనే చూడదు. బండికి వేలాడదీసిన స్పీకర్ 'నలభై రూపాయలు అందాయి' అని తెలుగులో చెబుతుంది, ఆమె కొత్తిమీర కట్ట కవర్లో వేస్తుంది. చదవక్కర్లేదు, నొక్కక్కర్లేదు. దాన్ని చూపించి, పది పేజీల దరఖాస్తు నింపి, పత్రాలు స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడానికి కూడా ఆమె రెడీ అంటారా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 26.5 శాతమే. అప్పటికీ ఇప్పటికీ పెరిగే ఉంటారు. మిగతావాళ్లంతా వచ్చేశారని ఎవరు లెక్కపెట్టారు?

లంచాల మాట మాత్రం ఒప్పుకుంటాను. ఈసీ, అంటే స్థలం మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం, దాని కోసం మా నాన్న సెలవు పెట్టి రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగడం చిన్నప్పుడు కళ్లారా చూశాను. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసుకుంటున్నాం. దానికి నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ మా హైదరాబాద్‌లో అదంతా మొదలైందే కౌంటర్లతో. 1999 డిసెంబర్‌లో బంజారాహిల్స్‌లో బిల్లులు ఒకేచోట కట్టే ట్విన్స్ సెంటర్, 2001 ఆగస్టులో ఈసేవ, 2011 నవంబర్‌లో మీసేవ. కరెంటు బిల్లుకో లైను, నీటి బిల్లుకో లైను పోయి ఒకే కిటికీ దగ్గర పని అయింది. కంప్యూటర్ లోపల ఉంది, బయట మనిషి ఉన్నాడు. కంప్యూటర్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు కూడా అందుకే పని జరిగింది.

ఇక పిల్లలు చేసిపెడతారన్న మాట. నాకు ఒళ్లు మండింది దీనికే.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమె పోయిన ఏడాది రేషన్ షాపు నుంచి ఖాళీ సంచితో వచ్చింది. 'ఏలు పడ్తలేదమ్మా' అంది. మర్నాడు నేనూ వెళ్లాను. చూపుడు వేలు, మధ్య వేలు, రెండో చెయ్యి. కొంగుతో తుడిచి మళ్లీ. ముప్పై ఏళ్లు సబ్బునీళ్లలో నానిన వేళ్లు, గీతలు ఎక్కడుంటాయి? పోనీ ఓటీపీ అంటే, ఆధార్‌లో ఉన్నది కొడుకు పాత నంబర్. అతను ఆ సిమ్ ఎప్పుడో తీసేశాడు. నంబర్ మార్పించడానికి సెంటర్‌కి వెళ్తే అక్కడా ముందు వేలే పెట్టమన్నారు. వేలు పడలేదు. కౌంటర్లో ఉన్న అమ్మాయి లేచి వచ్చి, కళ్లు స్కాన్ చేసే మెషిన్ తెచ్చి, గడ్డం పట్టుకుని మొహం సరిగ్గా నిలబెట్టి పని పూర్తి చేసింది. రెండు రోజుల కూలి పోయింది, కానీ బియ్యం వచ్చాయి. ఆ కౌంటర్ మూసేసి ఉంటే ఆమె ఏ యాప్‌కి మొరపెట్టుకోవాలి?

పైగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పోలీసులు రోజూ మొత్తుకుంటున్నారు. ఈ మెసేజేమో ఫోన్ తీసుకెళ్లి పక్కింటి పిల్లాడి చేతిలో పెట్టమంటోంది. పింఛను ఎంత పడిందో, ఎప్పుడు తీశారో కొడుకు చెబితే తప్ప తెలియని తల్లులు మీ ఇళ్లలో లేరా? కౌంటర్ దగ్గర ఆమె తన కాగితం తానే చేత్తో తీసుకుంటుంది.

యాప్ వద్దని నేను అనడం లేదు. నేను రోజూ వాడతాను. యాప్ ఉన్న చోట కౌంటర్ కూడా ఉండాలి, వేలు పడకపోతే ఏం చేయాలో తెలిసిన మనిషి అందులో కూర్చోవాలి.

దయచేసి ఈ మెసేజ్ ఇంకొకరికి పంపే ముందు, మీ ఇంట్లో పనిచేసే ఆమెను ఒక్క మాట అడగండి: ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబర్ ఎవరిది?