కోటు నాది, మెట్లు నీవి

మే నెలలో అక్కా తమ్ముడూ రోమ్ వెళ్లి వచ్చారు. ఇప్పుడు జపాన్‌లోని క్యోటో వెళ్తున్నారు. ప్రయాణానికి ఇంకా మూడు రోజులుంది. మంచం నిండా బట్టలు, నేల మీద తెరిచిన పెట్టెలు రెండు. తమ్ముడి పెట్టెలో నల్లని తోలు బూట్లు చూసి అక్క చేతిలో పని ఆపింది. నేను అక్క పక్షం, అది ముందే చెప్పేస్తున్నాను. అయినా తమ్ముడి మాటల్లో బలమున్నవేవీ తీసేయలేదు.

అక్క: ఆ బూట్లు మళ్లీనా?

తమ్ముడు: మళ్లీనే. పాలిష్ కూడా చేయించాను. పరాయి దేశంలో మన పేరు తెలియదు, చదువు తెలియదు, మనం ఎలాంటివాళ్లమో తెలియదు. ఎదుటివాళ్లకు ముందు కనిపించేది మన తీరు. కాస్త పొందిగ్గా తయారై వెళ్తే, మీ ఊరిని నేను లెక్కచేస్తున్నాను అని నోరు తెరవకుండానే చెప్పినట్టు.

అక్క: రోమ్ వెళ్లేటప్పుడు కూడా ఇదే మాట అన్నావు. విమానంలో ఏం జరిగిందో చెప్పనా? మూడో గంటకు లేసులు వదులు చేశావు. ఐదో గంటకు బూట్లు విప్పి ముందు సీటు కిందికి నెట్టావు. తొమ్మిదో గంటకు దిగబోతూ తొడుక్కుంటే మడమ లోపలికి పోలేదు. బూటు వెనక అంచులో చూపుడు వేలు దూర్చి, ముఖం ఎర్రబడేదాకా లాగావు. ఆ అంచు లోపలికి మడతపడింది. దాని మీదే నడిచి దిగావు. ఆ మడత ఇప్పటికీ పోలేదు, చూడు. పాలిష్ కింద గీతలా కనిపిస్తోంది.

తమ్ముడు: పాదాలు వాచాయి. అందరికీ వాస్తాయి.

అక్క: అందరికీ వాస్తాయి కాబట్టే అంటున్నాను. కూర్చున్నచోటే గంటలు గడిస్తే ఒంట్లో నీరు పాదాల్లోకి దిగుతుంది. విమానం లోపలి గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, కడుపు కూడా కాస్త ఉబ్బుతుంది. గాలిలో తేమ 20 శాతం కూడా ఉండదు. అటువంటిచోట బిగుతు నడుం పట్టీ, బిగుతు బూటు ఎందుకు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది కదా, నాలుగు గంటలు మించిన ప్రయాణంలో కదలకుండా కూర్చుంటే సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని.

తమ్ముడు: మిగతా సగం కూడా చెప్పక్కా. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఆ ముప్పు సుమారు 6,000 మందిలో ఒకరికి అని కూడా అదే సంస్థ చెప్పింది. కారణం కదలకపోవడం అంది, తోలు బూటు అనలేదు. లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేదానికి నా బూట్ల మీద నేరం మోపకు.

అక్క: సరే, ఆ లెక్క నీదే ఒప్పు. కానీ ఆ నాలుగడుగులు నువ్వు వేశావా? బూట్లు విప్పాక మళ్లీ తొడుక్కోవడం కష్టమని తొమ్మిది గంటలూ లేవలేదు.

తమ్ముడు: ఇక నీ సంగతి. సెయింట్ పీటర్స్ బసిలికా, ఆ పెద్ద చర్చి వాకిట్లో ఎవరిని ఆపారు? ఎండగా ఉంది, హాయిగా ఉంటుంది అని చేతుల్లేని చొక్కా వేసుకుని వచ్చావు. భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలని అక్కడ బొమ్మలు వేసి మరీ పెట్టారు. గంటన్నర వరుసలో నిలబడ్డాక కాపలా అతను నీ భుజం వైపు చూపించి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నువ్వు లోపలికి వెళ్లింది దేనితో? నా కోటుతో.

అక్క: నీ కోటుతోనే.

తమ్ముడు: ఇది ఒక్క రోమ్ మాట కాదు. బ్యాంకాక్‌లో గ్రాండ్ ప్యాలెస్‌కు పొట్టి నిక్కర్లతో వెళ్తే రానివ్వరు. కంబోడియాలో అంగ్‌కోర్ వాట్ గుడి పై అంతస్తుకు మోకాళ్లు, భుజాలు కప్పుకుంటేనే ఎక్కనిస్తారు. కరీబియన్ దీవి బార్బడోస్‌లో సైనికుల మచ్చల గుడ్డ పౌరులు వేసుకోవడమే నేరం, చిన్నపిల్లలకైనా సరే. హాయి, హాయి అంటూ తోచింది తగిలించుకుని వెళ్లేవాళ్లు ఇవి తెలుసుకోరు. ఎదుటివాళ్ల గుమ్మానికి ఒక పద్ధతి ఉంటుందని గుర్తుండేది తయారయ్యేవాళ్లకే.

(ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. అక్క కాసేపు మంచం మీది బట్టలు మడతపెడుతూ ఉండిపోయింది.)

అక్క: ఆ రోజు తప్పు నాదే. వెళ్లేచోటి పద్ధతి ముందే చదువుకోవాలి. నేను చదవలేదు. అందుకే ఈ సన్న ఉన్ని శాలువా కొన్నాను. అరచేతిలో ఇమిడిపోతుంది, విమానంలో దుప్పటి, గుమ్మం దగ్గర భుజాలకు కప్పు. కానీ ఒకటి గమనించు. నువ్వు చెప్పిన ఊళ్లన్నీ ఒంటిని కప్పమని అడిగాయి, బిగించమని అడగలేదు. వదులుగా, పొడుగ్గా ఉన్న నూలు ప్యాంటుతో, చేతులున్న చొక్కాతో వాటిలో ఏ గుమ్మమైనా దాటవచ్చు. నువ్వు మర్యాదనూ బిగుతునూ ఒకే గాటన కట్టేశావు. గ్రీసులోనైతే 2009 నుంచి ప్రాచీన కట్టడాల్లో మడమ ఎత్తు చెప్పులే వద్దన్నారు. ఆ సన్న మొన రాతిని పొడుస్తుంది. అక్కడ ఎవరి పాదరక్ష మర్యాద, చదునైనదా, సొగసైనదా?

తమ్ముడు: నావి మడమ ఎత్తువి కావు.

అక్క: కావు. కానీ ఆ కోటుతో నేను ఆ చర్చి గుమ్మటం పైదాకా ఎక్కింది 551 మెట్లు. నువ్వు లిఫ్టులో కప్పు దాకా వచ్చావు. అక్కడి నుంచి ఇంకా 320 మెట్లున్నాయంటే, చప్టా మీద కూర్చుని ఎడమ బూటు విప్పేశావు. ఆ మెట్లు ఎలా ఉంటాయో నీకు చెప్పినా అర్థం కాదు. గుమ్మటం వంపు తిరిగేకొద్దీ గోడ కూడా మన మీదికి ఒరుగుతుంది. ఒళ్లంతా ఒక పక్కకు వాల్చి నడవాలి. ఆ గుమ్మటాన్ని శిల్పి మైకెలాంజెలో గీసి ఇచ్చి 1564లో పోయాడు, అది పూర్తయ్యేసరికి 1590. పోయినవాడి గీతను బతికున్నవాళ్లు రాయిగా మలిచారు. ఆ వంపులో భుజం ఆనించి నడుస్తుంటే ఆ మాట ఒంటికి తెలిసింది, పుస్తకంలో చదివినప్పుడు తెలియలేదు. నీకూ తెలియాలని నా ఆశ. పైన నిలబడి కిందికి చూస్తే నువ్వు కనిపిస్తావేమోనని వెతికాను కూడా.

తమ్ముడు: ఒక్క బొబ్బను పట్టుకుని మొత్తం కథ అల్లుతున్నావు. అసలు మాట వేరే ఉంది. సౌకర్యం అంటే ఏమిటక్కా? అలవాటే కదా. మనకు అలవాటైన వదులు, మనకు అలవాటైన మెత్తదనం. వాటినే ఒంటి మీద వేసుకుని వెళ్తే ఇల్లు కదలనట్టే. పరదేశం వెళ్లడమంటే కొంత ఇబ్బందికి ఒప్పుకోవడం. తెలియని భాష, తెలియని దారి, తెలియని పద్ధతి. వాటి ముందు కాస్త నిటారుగా నిలబడాలనిపిస్తుంది నాకు. కోటు వేసుకుంటే నిటారుగా నిలబడతాను. వదులు బట్టల్లో నడుం వాలిపోతుంది, కళ్లూ వాలిపోతాయి.

అక్క: ఇది మంచి మాట. దీనికి జవాబు చెప్పాలి. కానీ ముందు ఆ పెట్టె సంగతి చెప్పు. చక్రాలు లేని పెట్టె ఎందుకు తీశావు?

తమ్ముడు: తోలు పెట్టె. కోటుకు సరిపోతుంది. పైగా నీ చక్రాల పెట్టె రోమ్ రాతిబాట మీద ఎంత గోల చేసిందో మరిచావా? రాళ్ల సందుల్లో చక్రం ఇరుక్కుని, ఒక చక్రం పట్టీ ఊడింది. ఆ తర్వాత వసతి దాకా మోసింది నేను.

అక్క: రాళ్ల బాట మీద మోయాలి, నిజమే. నునుపు నేల మీద కూడా మోస్తానంటావేమిటి? చక్రాల పెట్టె కథ నీ బూట్ల కథే. బెర్నార్డ్ సాడో అనే ఆయన పెట్టెకు చక్రాలు బిగించి 1972లో పేటెంటు తెచ్చుకున్నాడు. దుకాణాల వాళ్లు మొదట వద్దన్నారు. మగవాళ్లు పెట్టె మోస్తారు గానీ లాగరు అనుకునే రోజులు. పెట్టెను నిలువుగా నిలబెట్టి, పొడుగు పిడి బిగించి, ఈనాటి రూపానికి తెచ్చింది రాబర్ట్ ప్లాత్ అనే విమాన చోదకుడు, 1987లో. రోజూ విమానాశ్రయాల్లో నడిచే మనిషి కాబట్టి అవసరం ఆయనకు తెలిసింది. చక్రం పుట్టి వేల ఏళ్లయింది. మనుషులు చంద్రుడి మీద దిగిన తర్వాత గానీ పెట్టెల కిందికి విరివిగా రాలేదు. అడ్డుపడింది దర్జా.

తమ్ముడు: నాకు లాగడం నామోషీ అని నేనెప్పుడూ అనలేదు. చక్రాలూ పిడీ కలిసి కిలోకు పైనే బరువు. మనతో లోపలికి 7 కిలోలే అనుమతి. ఆ బరువులో నాకు ఇంకో రెండు చొక్కాలు వస్తాయి.

అక్క: బరువు లెక్కే చూస్తే ముందు బూట్లు తూచు.

తమ్ముడు: పెద్ద పెట్టెను విమానం అడుగున సామానులో వేసేద్దామని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. వద్దన్నది నువ్వే.

అక్క: అది దారి తప్పితే? విమాన ప్రయాణాల మీద దేశాలు చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం ప్రకారం 21 రోజులు గడిచినా రాకపోతేనే పోయినట్టు లెక్క. మన ప్రయాణం పది రోజులు. ఒంటి మీద బట్టతో పదిరోజులు గడపాల్సిందే. పరిహారం వస్తుంది, దానికీ హద్దు ఉంది, కాగితాలు నింపాలి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, అక్కర్లేని బరువు మన వెంట ఎందుకు? రాత్రి ఉతికితే తెల్లారేసరికి ఆరే చొక్కాలు మూడు చాలు. ఉన్ని అయితే తన బరువులో మూడోవంతు తేమ పీల్చుకున్నా ఒంటికి తడి తగలనివ్వదు, రెండు రోజులు వేసుకున్నా వాసన రాదు.

తమ్ముడు: మాట మార్చావు. నా ప్రశ్న అక్కడే ఉంది. ఇబ్బందికి ఒప్పుకోకుండా పరదేశం ఎందుకు?

అక్క: మరిచిపోలేదు. ఇబ్బందులు రెండు రకాలు, తమ్ముడూ. ఒకటి ఊరు పెట్టేది. రెండోది మనం ఇంటి నుంచి మోసుకెళ్లేది. మొదటిది నేర్పుతుంది. దారి తప్పితే దారి అడగడం నేర్చుకుంటాం. రైలు పోతే కాలపట్టిక చదవడం నేర్చుకుంటాం. రెండోది ఏమీ నేర్పదు, మొదటిదాన్ని చూడనివ్వదు. నీ సంగతే తీసుకో. ప్రయాణానికి ముందు వారం రోజులు అద్దం ముందు నిలబడి ఇటాలియన్ పలకరింపు నేర్చుకున్నావు. బోన్‌జోర్నో, బోన్‌జోర్నో అని ఇల్లంతా తిరిగావు. ఎంత ముచ్చటేసిందో నాకు. మూడో రోజు బూటు కరిచింది. ఆకుపచ్చ శిలువ గుర్తున్న మందుల దుకాణంలోకి కుంటుతూ వెళ్లావు. లోపలికి అడుగుపెడుతూనే పాదం చూపించి, పట్టీ అన్నట్టు చేతితో సైగ చేశావు. బల్ల వెనక ఉన్న పెద్దావిడ నీ పాదం వైపు చూడలేదు. నీ ముఖంలోకి చూసి, బోన్‌జోర్నో అని ఆగింది. నువ్వు కూడా అనేదాకా ఆగింది. అప్పుడు గానీ నీకు గుర్తు రాలేదు. అన్నావు. ఆవిడ నవ్వి, పట్టీలు తీసి, ఎలా అంటించాలో తన వేలి మీద అంటించి మరీ చూపించింది. ఆ ఊరిలో నిన్ను మర్యాదస్తుడిగా నిలబెట్టేది ఆ ఒక్క మాట. వారం పాటు నేర్చుకున్నావు. మడమ మండుతుంటే నోటికి రాలేదు. ఒళ్లు సుఖంగా ఉంటే కళ్లు వాలిపోతాయంటావా? నొప్పి పెట్టినప్పుడే మనిషి తన పాదం తప్ప ఇంకేమీ చూడడు. నిటారుగా నిలబడాలన్న నీ కోరిక నాకు ఇష్టమే. నిటారుగా నిలబెట్టేవి పాదాలు. వాటిని చూసుకోమంటున్నాను, అంతే.

తమ్ముడు: ఆవిడ నవ్వడం నాకు గుర్తుంది.

అక్క: నాకూ గుర్తుంది. ఆ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

తమ్ముడు: కానీ అక్కా, కోటు విషయంలో నేను వెనక్కి తగ్గను. పొందిగ్గా ఉన్న మనిషితో జనం మాట్లాడే తీరు వేరు. రోమ్‌లో దారి అడిగినప్పుడు నీకు చేయి చాపి చూపించి వెళ్లిపోయారు. నాతో ఒకాయన మలుపు దాకా నడిచి వచ్చాడు.

అక్క: అది నిజం. దానికి నా దగ్గర జవాబు లేదు. కోటు తెచ్చుకో. ఆ కోటు నిన్ను కరవలేదుగా. భుజాల దగ్గర వదులుగానే ఉంది, నాకు కూడా సరిపోయింది. బూట్ల గురించే నా పోరు. క్యోటోలో గుడి మెట్ల దగ్గర, విడిది గుమ్మంలో, చాలాచోట్ల బూట్లు విప్పాలి. నిజో కోటలో నడవా చెక్కల కింద మేకులు, బిగింపులు రాసుకుని పిట్ట కూసినట్టు మోగుతాయట. ఆ నేల మీద సాక్సులతోనే నడవాలి. గుమ్మం దగ్గర వంగి లేసులు విప్పుతూ కట్టుకుంటూ ఉంటే నీ వెనక వరుస ఆగిపోతుంది. అక్కడ మర్యాద అంటే, చప్పున జారిపోయే జోడు, చిరుగు లేని సాక్సు.

(తమ్ముడు బూట్లు చేతిలోకి తీసుకున్నాడు. మడమ దగ్గరి మడతను బొటనవేలితో రుద్ది చూశాడు. తర్వాత పెట్టెను తక్కెడ కొక్కానికి తగిలించాడు. బూట్లతో 8 కిలోల 200 గ్రాములు. అవి తీసేస్తే 6 కిలోల 800.)

తమ్ముడు: నా గుడ్డ జోడు ఎక్కడుంది?

అక్క: తలుపు వెనక. నిన్ననే ఉతికాను.

తమ్ముడు: నిన్ననేనా? అంటే నేను ఒప్పుకుంటానని ముందే అనుకున్నావన్నమాట.

అక్క: ఒప్పుకోకపోతే నా పెట్టెలో పెట్టుకుని తెచ్చేదాన్ని. మూడో రోజు ఇచ్చేదాన్ని.

తమ్ముడు: ఉండు. కోటు లోపలి జేబులో ఏదో కాగితం ఉంది. గుమ్మటం టికెట్. నీదే, మెట్లది.

అక్క: అక్కడే ఉండనీ.