వార్డెన్ పక్కన ఉండగా దిగులు గురించి ఎలా చెబుతారు?

మనసు బాగోలేని పిల్లలకు యాప్‌లు వచ్చేశాయి, ఇక బెంగ లేదు అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతోంది.

మా అక్క కూతురు హాస్టల్లో ఉండి ఇంటర్ చదివింది. లోపలికి ఫోను తీసుకెళ్లనివ్వరు. ఆదివారం వార్డెన్ గది ముందు వరుసలో నిలబడితే 5 నిమిషాలు ఇంటికి మాట్లాడనిస్తారు. వెనకాల పదిమంది, పక్కనే వార్డెన్. "తిన్నావా?" "తిన్నాను." "బాగా చదువుతున్నావా?" "చదువుతున్నాను." అంతటితో సమయం అయిపోయేది. రాత్రి నిద్ర పట్టడం లేదని, ముద్ద గొంతు దిగడం లేదని అక్కడ నిలబడి ఏ పిల్ల చెప్పగలదు?

సంక్రాంతి సెలవుల్లో వాళ్లమ్మ ఫోనులో అలాంటి యాప్ ఒకటి వేసుకుంది. అంతా ఇంగ్లీషే. ఈ రోజు మనసు ఎలా ఉందని అడుగుతూ 5 ముఖాల బొమ్మలు చూపిస్తుంది. మా పిల్ల రోజూ నవ్వుముఖమే నొక్కేది. ఎందుకని అడిగితే "అది అమ్మ ఫోను కదా పిన్నీ" అంది. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

యాప్‌లన్నీ దండగ అనను. న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ విశ్వవిద్యాలయం వాళ్లు స్పార్క్స్ అని ఒక కంప్యూటర్ ఆట చేశారు. చెడు ఆలోచన వచ్చినప్పుడు దాన్ని నిలదీయడం ఆటలోనే నేర్పుతుంది. 12 నుంచి 19 ఏళ్ల పిల్లలు 187 మందితో పరీక్షించి, మామూలు చికిత్సకు అది తీసిపోలేదని 2012లో ప్రచురించారు. అయితే ఆ పిల్లలు అప్పటికే క్లినిక్‌కో, బడిలోని కౌన్సెలర్ దగ్గరకో వెళ్లి బాధ చెప్పుకున్నవాళ్లు. ముందు మనిషి, తర్వాతే ఆట. మన దగ్గర ఆ మొదటి మెట్టే లేదు.

చెప్పుకున్న బాధ దాగుతుందన్న నమ్మకం కూడా ఉండాలి కదా! అమెరికాలో ఆన్‌లైన్‌లో కౌన్సెలింగ్ ఇప్పించే బెటర్‌హెల్ప్ సంస్థ, వాడుకరుల వివరాలను ప్రకటనల కోసం ఫేస్‌బుక్ వంటి వాటికి ఇచ్చిందన్న ఆరోపణ మీద 2023లో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

మొన్న నేనే మా అక్క కూతురి చేత టెలి మానస్‌కు, 14416కు ఫోను చేయించాను. మనసు బాధ ఫోనులో చెప్పుకోవడానికి 2022 నుంచి ఉన్న ప్రభుత్వ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. అవతలి నుంచి "చెప్పమ్మా" అన్నారు. ఇది కాసేపు ఏడ్చింది, తర్వాత చాలాసేపు మాట్లాడింది. నేను తలుపు దగ్గరగా వేసి బయట కూర్చున్నాను.

ప్రతి హాస్టల్లో అలాంటి తలుపున్న గది ఒకటి, అందులో ఒక ఫోను, గోడ మీద ఆ నంబరు ఉండాలి. వారానికి రెండు రోజులైనా కౌన్సెలర్ రావాలి. లక్షల్లో ఫీజు కడుతున్నాం. ఈసారి తల్లిదండ్రుల సమావేశంలో ర్యాంకుల గురించి అడిగేముందు, ఆ గది ఎక్కడుందో చూపించమనండి.